మాస్టార్ల సంఘాలు, వాళ్ల ఓట్లు, మధ్యలో మన పిల్లలు

2025 ఫిబ్రవరి 27. ముందు రోజు శివరాత్రి. జాగారం చేసి కళ్లు మండుతున్న వాళ్లం సగం మందిమి మా ఊరి టీ కొట్టు దగ్గరే ఉన్నాం. ఆ రోజు టీచర్ ఎమ్మెల్సీ పోలింగు. హైస్కూలు మాస్టార్లు ఇద్దరు బండి ఆపి టీ తాగి, నలుగురినీ పలకరించి, ఓటేయడానికి మండల కేంద్రానికి వెళ్లిపోయారు. బండి మలుపు తిరిగిందో లేదో, మా పాపతో పాటే ఏడో తరగతి చదువుతున్న కుర్రాడి తండ్రి గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఈళ్లకి సంఘాలున్నాయి, ఓట్లున్నాయి, ఎమ్మెల్సీలున్నారు. మా గుంటడికి ఇప్పటికీ భాగారం రాదు. ఏటి సేత్తాం?"

అందరం నవ్వేశాం. నవ్వాం గానీ ఆ మాట నన్ను వదల్లేదు, ఎందుకంటే అందులో నాలుగు రకాల కోపాలు కలగాపులగంగా ఉన్నాయి. మాస్టార్లకు రాజకీయాలెందుకు అన్నది ఒకటి, సంఘం నాయకులు బడికి సరిగా రారన్నది ఇంకొకటి, వాళ్ల పిల్లల్ని ప్రైవేటులో వేసి మన పిల్లలకు సర్కారు బడి గొప్పలు చెబుతారన్నది మరొకటి, ఏ ప్రభుత్వం వచ్చినా వీళ్లకే భయపడుతుందన్న అసూయ ఒకటి. వీటిని ఒక్క ముద్దగా తింటే అరగదు, విడదీసి చూడాలి. నేను టీచర్ని కాను, ఏ సంఘంలోనూ లేను. ఇద్దరు పిల్లల్ని సర్కారు బడికి పంపుతున్న తండ్రిని, అంతే. మాది రాజాం దగ్గర ఊరు, 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా, కాబట్టి రెండు జిల్లాల తిట్లూ మాకు అలవాటే.

ముందు ఆ ఓటు సంగతి. చాలామంది అనుకుంటున్నట్టు అది సంఘాలు ధర్నాలు చేసి తెచ్చుకున్నది కాదు. రాజ్యాంగం 171వ అధికరణలోనే రాసి ఉంది, శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యుల్ని ఉపాధ్యాయులు ఎన్నుకోవాలని. మన మండలిలో 58 సీట్లు, అందులో 5 టీచర్లవి, ఇంకో 5 పట్టభద్రులవి. ఈ మండలి మనకు 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ రద్దు చేశారు, 2007లో మళ్లీ వచ్చింది, 2020 జనవరిలో అసెంబ్లీ మళ్లీ రద్దుకు తీర్మానం చేసింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. అంటే మాస్టార్లకు ఎమ్మెల్సీ ఉండాలా వద్దా అన్నది కూడా వాళ్ల చేతుల్లో లేదు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పాత జిల్లాలు మూడూ కలిపి ఒక నియోజకవర్గం. 2025లో ఓటర్లు 22 వేల పైచిలుకు. ఒక్క అసెంబ్లీ సీటుకే మా వైపు రెండు లక్షలకు అటూ ఇటూ ఓటర్లు ఉంటారు. 22 వేలంటే ఎవరు ఎటు ఉన్నారో పేరుపేరునా తెలిసిపోయే లెక్క. స్టాఫ్ రూములో అయిదుగురు ఉంటే ఆ అయిదుగురివీ ఏ సంఘం సభ్యత్వాలో మండల శాఖ అధ్యక్షుడికి నోటికొచ్చు. ఏడాదికోసారి సంఘం డైరీ, క్యాలెండరు ఇచ్చినప్పుడే సగం ప్రచారం అయిపోతుంది. పార్టీ వాళ్లు ఎన్నికల ముందు నెలరోజులు తిరుగుతారు, సంఘం వాళ్లు ఆరేళ్లూ తిరుగుతూనే ఉంటారు. బలం అక్కడిది.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులకు తెలియని ముక్క ఒకటుంది. ఈ ఓటు మాస్టార్లందరికీ లేదు. హైస్కూలు స్థాయికి తగ్గని చోట, గడిచిన ఆరేళ్లలో కనీసం మూడేళ్లు పాఠం చెప్పిన వాళ్లకే. అంటే మన పిల్లలకు అ ఆలు దిద్దించే ప్రైమరీ స్కూలు ఎస్‌జీటీ టీచరుకు ఓటు లేదు. అదే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెప్పే లెక్చరరుకు, రికార్డులు సరిగా ఉంటే, ఉంది. ఎస్‌జీటీలు మాకూ ఓటు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు, అది రాజ్యాంగం మార్చితే తప్ప అయ్యే పని కాదు. ఊళ్లో మనం రోజూ చూసే టీచరమ్మను "మీ ఎమ్మెల్సీ ఏం చేశాడు" అని నిలదీస్తాం గానీ ఆవిడకు ఆయన్ని ఎన్నుకునే హక్కే లేదు. డిగ్రీ ఉంటే పట్టభద్రుల ఎన్నికలో వేసుకోవచ్చు, అదొక్కటే ఊరట. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల సీటు గెలిచిన వేపాడ చిరంజీవిరావు కూడా ఎకనామిక్స్ పాఠాలు చెప్పిన మాస్టారే, అది వేరే కథ.

ఇక 2025 ఫలితం చూడండి. అప్పటికి తొమ్మిది నెలల కింద కూటమి మా జిల్లాల్లో దాదాపు ఊడ్చేసింది. టీడీపీ, జనసేన మద్దతు ప్రకటించింది ఏపీటీఎఫ్ అనే మాస్టార్ల సంఘం తరఫున ఉన్న పాకలపాటి రఘువర్మకు, ఆయన 2019లో గెలిచి సీట్లో ఉన్నాయన. గెలిచింది మాత్రం పీఆర్టీయూ అనే ఇంకో సంఘం అభ్యర్థి గాదె శ్రీనివాసులు నాయుడు, 2019లో అదే రఘువర్మ చేతిలో ఓడిన ఆయన. యూటీఎఫ్ వైపు నుంచి కోరెడ్ల విజయగౌరి నిలబడ్డారు. ఇందులో బటన్ నొక్కడం ఉండదు, కాగితం బ్యాలెట్ మీద పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సగం దాటకపోతే కింది వాళ్లను ఒక్కొక్కరినే తప్పించి వాళ్ల ఓట్లలోని రెండో అంకెను లెక్కిస్తారు. ఆ సారీ అలాగే తేలింది. నాకు ఇందులో అర్థమైంది ఏమిటంటే, పార్టీ చెప్పినట్టు మాస్టార్లు ఓటేస్తారన్నది ఎంత తప్పో, మాస్టార్లందరూ ఒక్కమాట మీద ఉంటారన్నదీ అంతే తప్పు. ఏపీటీఎఫ్ అనే పేరుతోనే 257 అని ఒకటి, 1938 అని ఒకటి, రిజిస్ట్రేషన్ నంబర్లతో పిలుచుకునే రెండు సంఘాలున్నాయి. ఇవిగాక యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ, ఇంకా బోల్డు. అవసరమొచ్చినప్పుడు కొన్ని కలిసి ఫ్యాప్టో అనే ఉమ్మడి వేదిక అంటాయి, అవసరం తీరాక ఎవరి డైరీ వాళ్లది.

మాస్టార్లకు రాజకీయాలెందుకు అనే మాట వింటే మా ఊరి పెద్దవాళ్లు నవ్వుతారు. శ్రీకాకుళం జిల్లాలో ఆ ప్రశ్న అడగడమే వింత. 1960ల చివర్లో ఏజెన్సీలో గిరిజనుల భూములు, కూలి, షావుకార్ల అప్పుల మీద లేచిన ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని చంపాక అది సాయుధ పోరాటమైంది, 1970 జులైలో ఇద్దరు పంతుళ్లూ చనిపోయారు. వాళ్ల దారి ఒప్పా తప్పా అన్నది ఇక్కడ నేను తేల్చను. నేను చెప్పేది ఇంతే: ఇక్కడ పంతులంటే జీతగాడు మాత్రమే కాదు, అర్జీ రాసిపెట్టేవాడు, ఎదురు మాట్లాడేవాడు. మా తాత తరంలో వలస పోయిన వాళ్ల ఉత్తరం చదివిపెట్టింది పంతులే, షావుకారు పద్దులో మోసం పట్టిచ్చిందీ పంతులే. ఇప్పటి తల్లిదండ్రుల కోపంలో సగం నా ఉద్దేశంలో అక్కడిదే. ఆ పంతులు మా కోసం మాట్లాడేవాడు, ఈ మాస్టారు తన డీఏ కోసం మాట్లాడతాడు, అని.

అది పూర్తి నిజమా అంటే, కాదు. కొన్నిసార్లు వాళ్ల డిమాండూ మన అవసరమూ ఒకటే అయిపోతాయి. 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది, కిలోమీటరు దూరంలో హైస్కూలు ఉంటే ప్రైమరీ స్కూల్లోని 3, 4, 5 తరగతుల్ని అందులో కలిపేయమని. ఎనిమిదేళ్ల పిల్ల మెయిన్ రోడ్డు దాటి, చెరువు గట్టు మీదుగా నడిచి హైస్కూలుకు పోవాలి. ఊళ్లో మిగిలేది ఒకటి, రెండు తరగతులు, ఒక టీచరు. జులైలో బడులు తెరిచాక మా వైపు చాలా ఊళ్లలో తల్లులే ముందు రోడ్డెక్కారు. సంఘాలు కూడా ఎక్కాయి, కాకపోతే వాళ్ల బాధ పోస్టుల గురించి, పని గంటల గురించి, మిగులు లెక్కలో ఎక్కడికి విసిరేస్తారో అన్న టెన్షన్ గురించి. కారణాలు వేరు, కోరిక ఒకటి. 2024లో ప్రభుత్వం మారాక ఆ జీవోను పక్కన పెట్టి 2025 మేలో కొత్త ఏర్పాటు తెచ్చారు, తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు. దాని కోసం మళ్లీ కొన్ని ఊళ్ల పిల్లలు పక్క ఊరికి నడవాల్సి వచ్చింది. అప్పుడు గొంతెత్తిన తల్లిదండ్రులకు సంఘాల నుంచి 2022లో దొరికినంత తోడు దొరకలేదని నాకనిపించింది. తరగతికో టీచరంటే పోస్టులు పెరుగుతాయి మరి. తప్పు పట్టడం లేదు. సంఘం అంటేనే సభ్యుల కోసం. రైతు సంఘాన్ని వెళ్లి బియ్యం ధర తగ్గించమని అడగం కదా.

ఇలాంటిదే యాప్‌ల గొడవ. ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం ఫొటోలు, చివరికి తమ ముఖం ఫొటో తీసి హాజరు, అన్నీ మాస్టారి సొంత ఫోనులోనే. 2022లో ముఖ హాజరు వచ్చినప్పుడు సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. మా ఊళ్లో దీని మీద రెండు మాటలున్నాయి. "టయానికి వచ్చేవోడికి ఫొటోకి భయమేటి" అని ఒకరు. "పొద్దున్న గంటసేపు సిగ్నల్ కోసం గోడెక్కి నిలబడితే పాఠం ఎప్పుడు చెప్తారు" అని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే, నాకైతే రెండో మాట ఇంకొంచెం నిజం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనులు టీచర్లకు చెప్పకూడదంటుంది. అదే 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం షాపుల దగ్గర క్యూలు సరిచూడటానికి టీచర్లను నిలబెట్టారు. అప్పుడు సంఘాలు లేకపోతే అడిగే దిక్కెవరు? మనం అడిగామా? నేను అడగలేదు, వాట్సాప్‌లో జోకు మాత్రం పంపాను.

ఇప్పుడు మనకు కడుపు మండే వైపు చూద్దాం. 2022 ఫిబ్రవరి 3న జీతాల గొడవ మీద ఉద్యోగుల చలో విజయవాడ. అంతకుముందు 27 శాతం మధ్యంతర భృతి ఇస్తూ, పీఆర్సీ ఫిట్‌మెంటు, అంటే వేతన సవరణలో జీతం పెంపు, 23 శాతమే అన్నారు, ఇంటద్దె భత్యం తగ్గించారు. ఉద్యోగులతో పాటు మా జిల్లాల నుంచి కూడా మాస్టార్లు పోలీసుల కళ్లుగప్పి రైళ్లలో, బస్సుల్లో పోయారు. రెండు రోజుల్లో ఉద్యోగ సంఘాల స్టీరింగ్ కమిటీ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంటే టీచర్ల సంఘాలు ఒప్పుకోం అన్నాయి కూడా. వాళ్ల లెక్కలో అది న్యాయమే. కానీ కోవిడుతో పిల్లలు రెండేళ్లు బడి మొహం సరిగా చూడని రోజులవి. మా చిన్నోడు రెండో తరగతిలో ఉండీ తన పేరు రాయడం మరిచిపోయాడు. చెన్నైలో భవన నిర్మాణం పనికి పోయి, లాక్‌డౌనులో నడిచొచ్చి, మళ్లీ అప్పు చేసి బండెక్కిన మనిషికి 23కీ 27కీ తేడా ఏం చెప్పి ఒప్పిస్తారు? ఒకే ఊళ్లో నెల జీతం ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అయినప్పుడు, జీతం కోసం ధర్నా అనేది వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. సంఘాలు ఈ ఒక్క సంగతి ఎప్పటికీ అర్థం చేసుకోవని నా అనుమానం. ఆ విజయవాడ జనంలో పిల్లల చదువు వెనకబాటు గురించి ఒక్క బ్యానరు ఉంటే మా వాళ్లు ఇంకోలా మాట్లాడి ఉండేవారు.

తర్వాత టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది, సర్వీసులో ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని, రిటైర్మెంటుకు అయిదేళ్ల లోపు ఉన్నవాళ్లకు మాత్రం ఉద్యోగం వరకు మినహాయింపు, ప్రమోషన్ కావాలంటే వాళ్లూ రాయాల్సిందే. సంఘాలు రివ్యూ వేయమని ప్రభుత్వాన్ని అడిగాయి. ఇరవై ఏళ్ల కింద అప్పటి నిబంధనల ప్రకారం డీఎస్సీ రాసి వచ్చినవాళ్లను ఇప్పుడు మళ్లీ పరీక్ష రాయమనడం బాగోలేదన్నది వాళ్ల వాదన, అందులో బలముంది. కానీ బడిలో నెలకో టెస్టు రాసే పిల్లల ఇళ్లలో ఇది ఎలా వినబడుతుందో కూడా చూడండి. మా అప్ప ఒక్క మాటలో తేల్చేసింది: "మా దానికి మార్కులు తగ్గితే నన్ను పిలిచి సెప్తారు. ఆరికి పరీచ్చంటే కోర్టుకెల్తారా?" దీనికి ఏ సంఘం నాయకుడి దగ్గరా రెండు వాక్యాల్లో జవాబు లేదు.

సొంత పిల్లల్ని ప్రైవేటుకు పంపడం గురించి ఎక్కువ రాయను. అది వాళ్లిష్టం, చట్టం అడ్డు చెప్పదు. అయితే ఒకటి, తన పిల్ల చదివే బడిలో లెక్కల టీచరు లేకపోతే ఏ తల్లిదండ్రులైనా ఊరుకోరు. ఆ పట్టుదల తాము పాఠం చెప్పే బడికి దక్కడం లేదన్నదే జనం బాధ. ఇక సంఘం నాయకులు బడికి రారన్నది. జిల్లా, రాష్ట్ర స్థాయి నాయకులకు సంఘం పని మీద ఓడీ, అంటే బడికి రాకపోయినా డ్యూటీలో ఉన్నట్టు లెక్క, దొరుకుతుంది, బదిలీల్లో గుర్తింపు సంఘాల ముఖ్యులకు ప్రత్యేక పాయింట్లిచ్చే ఆనవాయితీ కూడా ఉంది. మండల స్థాయి ఆయనకు అవేవీ ఉండవు, కానీ పేరు మాత్రం అందరిదీ కలిపి పోతుంది. నాకు తెలిసిన మండల నాయకుల్లో చక్కగా పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు, మధ్యాహ్నం మూడింటికల్లా ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు దగ్గర కనబడేవాళ్లూ ఉన్నారు.

అసలు బలం కనబడేది బదిలీల దగ్గర. కౌన్సెలింగ్ లేని రోజుల్లో ఎమ్మెల్యే సిఫార్సు ఉత్తరం ఉన్నవాడు టౌను పక్కన, లేనివాడు సీతంపేట కొండ మీద. దాన్ని పోగొట్టి పాయింట్లు, సీనియారిటీ, ఖాళీల జాబితా బయటపెట్టడం దాకా తెచ్చింది ఎక్కువగా సంఘాల ఒత్తిడే. 2025లో బదిలీలకు ఏకంగా చట్టమే వచ్చింది, ఒకేచోట ఎనిమిదేళ్లు నిండిన టీచరు, అయిదేళ్లు నిండిన హెడ్మాస్టరు కదలాల్సిందే. ఇది మనకు కూడా మంచిదే, రాజకీయ నాయకుడి ఇష్టానికి మాస్టారు ఎగిరిపోడు. కానీ ఆ జాబితాలో ఉన్నవన్నీ టీచరు వైపు లెక్కలే. ఎన్నేళ్లు చేశాడు, ఎంత దూరంలో చేశాడు, భార్య ఎక్కడ పనిచేస్తోంది, ఆరోగ్యం ఏమిటి. ఆ బడిలో లెక్కల టీచరు మూడేళ్లలో ముగ్గురు మారారు అన్నదానికి పాయింట్లు లేవు. ఎందుకు లేవంటే, ఆ రూల్స్ రాసేటప్పుడు విద్యాశాఖ అధికారులు సంఘాలతో దాదాపు వారం వారం కూర్చున్నారు, మనతో ఒక్కసారీ కూర్చోలేదు. మనకు కుర్చీ వేయొద్దని సంఘాలు అడ్డుపడ్డాయా అంటే అదీ లేదు. మనం అడగనే లేదు.

మనకంటూ ఉన్నది బడి కమిటీ. చట్టం ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఎన్నికలు జరిగాయి, తరగతికి ముగ్గురు చొప్పున. మా హైస్కూల్లో మా తరగతి నుంచి నేనూ ఒకణ్ని. గెలిచానని చెప్పుకోలేను, చెయ్యెత్తమంటే ఎత్తింది ఏడుగురు, అందులో ముగ్గురు సభ్యులమయ్యాం. మరుగుదొడ్లు, భోజనం, పెయింటు మీద మాట్లాడనిస్తారు. టీచరు లేడు అంటే మాత్రం హెడ్మాస్టరుగారు పైకి చూపిస్తారు, ఆయన చేతిలోనూ లేదు మరి. 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగులు కూడా పెడుతున్నారు, పక్కనే ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా భామినికి 2025 డిసెంబరులో ముఖ్యమంత్రే వచ్చారు. ముగ్గులు, ఆటలు, ఫొటోలు బాగుంటాయి. మీటింగు మర్నాడు ఎవరికి అర్జీ ఇవ్వాలో మాత్రం ఏ కరపత్రంలోనూ రాసి ఉండదు.

2025 జూన్ బదిలీల్లో మా బడి లెక్కల మాస్టారు వెళ్లిపోయారు, ఖాళీలోకి ఎవరూ రాలేదు. మా పాప అప్పుడే ఎనిమిదికి వచ్చింది. మెగా డీఎస్సీలో కొత్తవాళ్లు వచ్చేది సెప్టెంబరు దాటాకే. జులైలో కమిటీ తీర్మానం రాసి, సంతకాలు పెట్టి పైఆఫీసుకు ఇచ్చాం. రసీదు ఇచ్చారు. మూడు వారాలు పోయాక మళ్లీ వెళ్తే అక్కడి గుమాస్తా, పాపం మంచివాడే, పక్కకు పిలిచి "మీరిలా తిరిగితే అవదండి, ఫలానా సంఘం మండల ప్రెసిడెంటు మాస్టారితో ఒక మాట చెప్పించండి" అన్నాడు. టీ కొట్టు దగ్గర ఆ భాగారం మాట అన్నాయనా, నేనూ కలిసి ఆ మాస్టారి ఇంటికే వెళ్లాం. ఆయన కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, మా ముందే రెండు ఫోన్లు చేశారు. పది రోజుల్లో వర్క్ అడ్జస్ట్‌మెంటు మీద, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా, లెక్కల మాస్టారు వచ్చేశారు. చక్కగా చెబుతున్నారు కూడా.

దారిలో బండి మీద మా వాడు "సంఘమంటే ఇదిరా" అని తెగ పొగిడాడు. ఆ మాస్టారు అవతలి మండలంలో ఏదో బడి నుంచి వచ్చారని మాకు తెలుసు. అక్కడ ఇప్పుడు లెక్కలు ఎవరు చెబుతున్నారో మేమిద్దరం ఆయన్ని ఇప్పటిదాకా అడగలేదు.